సర్వే సార్ రాసిన ఎనిమిది

సర్వే సార్ పోయిన సంగతి నాకు ఆయన ఫొటో చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో నాది జిరాక్స్ షాపు. ఆ రోజు షట్టర్ ఎత్తగానే సార్ బామ్మర్ది వచ్చి ఫోను చేతికిచ్చాడు. "గీ ఫొటో పెద్దగ చేసి కింద శ్రద్ధాంజలి అని కొట్టమ్మా. తెల్లారంగ గుండె ఆగింది. దవాఖానకు తోల్కపోయే టైం గూడ ఇయ్యలే," అన్నాడు. సార్ పేరు, పుట్టిన తేదీ కాగితం మీద రాసి తెచ్చాడు. "అంకెలు జర చూసి కొట్టు," అని కూడా అన్నాడు. మూడుసార్లు సరిచూసి కొట్టాను. కళ్లల్లో నీళ్లు రాలేదు. రెండేళ్లుగా నేను ఆయనతో మాట్లాడటం లేదు.

ఆయన సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు, ఇల్లు సైదాబాద్‌లో. పాత పటాలు లామినేషన్ చేయించుకోవడానికి నా షాపుకు వచ్చేవారు. చేసిచ్చాక దాన్ని ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి చూసేవారు. "బుడగ ఉన్నది బిడ్డా. గీడికెల్లే నీళ్లు వోతయ్. ఇంకోపారి మిషన్ల పెట్టు." నా ముందు ఎంతమంది నిలబడి ఉన్నా సరే, ఆయనకు బుడగ పోవాల్సిందే. పటం మీద ఆ వంకర గీతలేమిటని ఒకసారి అడిగాను. పక్కనున్న మిర్చిబండి దగ్గర ఉల్లిగడ్డ అడుక్కొచ్చి అడ్డంగా కోయించారు. "గీ ఉంగరాలు దగ్గర దగ్గరుంటే గుట్ట నిటారు. ఎడంగుంటే నడవొచ్చు. గంతే." ఇంటర్‌తో చదువు ఆగిపోయి, షాపూ చంపాపేట్‌లోని ఇల్లూ తప్ప వేరే లోకం లేనిదాన్ని. నాకు గుట్టలు చదవడం అలా వచ్చింది.

ఆదివారాల్లో ఆయన వెంట పదకొండు మందిమి జియోకాషింగ్‌కు వెళ్లేవాళ్లం. ఎవరో ఒక డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. ఆ అంకెలు ఫోనులో కొట్టుకుని వెతుక్కుంటూ పోవాలి. దొరికితే డబ్బాలోని పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి రావాలి. పెద్దవాళ్ల దాగుడుమూతలు అనుకోండి. వరసలో చివరి చోటు సార్ ఎప్పుడూ నాకే ఇచ్చేవారు. "ముందట నడిచేటోడు దారి చూస్తడు. ఎనక నడిచేటోళ్లు మనుషులను చూస్తరు. గా పని నీదే." నన్ను నమ్మి నాకొక పని అప్పజెప్పిన మొదటి మనిషి ఆయనే.

నల్లమల వైపు రక్షిత అడవిలో, కారు గానీ బండి గానీ పోని లోయలో, ఉద్యోగంలో ఉన్నప్పుడు సార్ ఒక స్టీలు టిఫిన్ డబ్బా దాచారట. అక్కడికి మమ్మల్ని తీసుకుపోవాలని ఆయన ఆశ. ఆర్నెల్లు ఆయన డాబా మీద కూర్చుని ప్లాన్ వేశాం. అనుమతి కాగితం, వెంట వచ్చే అటవీ వాచర్, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, సెంటు పూసుకోవద్దు, ఎర్ర చొక్కాలు వద్దు. అన్నీ టైపు చేసి పదకొండు కాపీలు తీయడం నా వంతు. ముందు వారం దారి చూసొస్తానని ఆయన వాచర్‌తో ఒక్కరే వెళ్లి, సగం దారిదాకా చూసొచ్చానన్నారు. తర్వాత ఒక చీటీ మీద అంకెలు రాసిచ్చారు. చూసి కొట్టాను. చీటీ వెనక్కి తీసుకున్నారు.

ఎల్బీనగర్‌లో, సాగర్ రింగ్ రోడ్డు దగ్గర పొద్దున్నే వ్యాను ఎక్కాం. అడవిలో నాలుగు గంటలు నడిచి ఆ చోటికి చేరితే ముళ్లకంపలు తప్ప ఏమీ లేవు. అందరూ చెమటలు కక్కుతూ నిలబడ్డారు. సార్ నా కాగితం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, అందరి ముందూ అన్నారు: "నువ్వు ఒక అంకె తప్పు కొట్టినవ్ బిడ్డా."

సరైన అంకె ఏదని అడిగితే, అసలు అంకెలు రాసుకున్న కార్డు ఇంట్ల ఉన్నదన్నారు. తర్వాత కార్డు పోయిందన్నారు. నేను నా కళ్లనే అనుమానించుకున్నాను. మా గ్రూపులో కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ బ్యాంకాయన ఒకరున్నారు, వెళ్లిన ప్రతిచోటా రీల్స్ తీస్తారు. ఆయన ఒకరోజు షాపుకొచ్చి, కస్టమర్ల ముందే, "ఆధార్ నంబరైనా కరెక్టుగా కొడతారాండీ మేడం?" అని నవ్వారు. అంకెలు సరిగ్గా కొట్టడమే నా బతుకుతెరువు. ఆ రోజే గ్రూపు మానేశాను. సార్ మాత్రం పటాలతో వస్తూనే ఉన్నారు. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ వెళ్లిపోయినా ఆ దారిలోనే ఏదో బండి దగ్గర కొని, రెండు బత్తాయిలు కౌంటర్ మీద పెట్టి పోయేవారు. నేను తల ఎత్తేదాన్ని కాదు.

దినాలయ్యాక సార్ భార్య పిలిపించారు. ఒక పెళ్లికార్డు చేతిలో పెట్టారు. దాని వెనక సార్ రాతలో అసలు అంకెలు. కింద ఒక ముక్క: "రాబందులు, రెండు గూళ్లు. పోవద్దు." ఆ కార్డుకు పిన్ను కొట్టి నాకిచ్చిన చీటీ. చీటీలో ఎనిమిది ఉంది. కార్డులో ఆ చోట వేరే అంకె ఉంది. ఒక్క అంకెకు అడవిలో ఐదు కిలోమీటర్ల తేడా. నేను కొట్టింది ఎనిమిదే. తప్పు నాది కాదు.

"మనిషి అలికిడైతే గవి గూడిడిసి పోతయంట బిడ్డా. వద్దంటే మీవోళ్లు ఆగరు, వీడియోలు పెడ్తరు, లోకమంత వొస్తది అన్నడు," అన్నారు ఆమె.

"మరి తప్పు నా మీద ఎందుకేసిండమ్మా?"

"నేను గూడ గదే అడిగిన. ఆమె ఓర్చుకుంటది అన్నడు."

ఓర్చుకుంటానని ఎవరు చెప్పారు సార్ మీకు? నాకొక్క మాట చెబితే మీతో కలిసి అబద్ధమాడేదాన్ని కదా. ఆ గూళ్లను నాకంటే ఎక్కువ నమ్మారు. మనుషులను చూసుకొమ్మని నన్ను వెనక నిలబెట్టి, మీరు మాత్రం వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. చచ్చిపోయినవాళ్ల మీద కోపం ఉండకూడదంటారు. నాకుంది.

మొన్న బ్యాంకాయన వచ్చారు. "సార్ జ్ఞాపకంగా ఆ లోయకే వెళదామనుకుంటున్నామండీ. అమ్మగారు కార్డు మీకిచ్చారటగా? నంబర్ ఇవ్వండి. ఈసారి కాస్త చూసి కొట్టండి."

చీటీ తీసి కౌంటర్ మీద పెట్టాను. "సార్ రాత గుర్తువడతరు గద? ఇదేందో చదవండి."

ఆయన వంగి చూశారు. ముఖంలో నవ్వు పోయింది. "ఎనిమిది... అంటే సారే... మరి అసలుది ఏంటండీ?"

"నాకు తెలుసు. చెప్పను."

ఇక్కడ కూడా రాయను.

ఆయన వెళ్లాక మిషన్ వేడి చేశాను. కార్డులోని అసలు అంకెల మీద సరిగ్గా కప్పేటట్టు ఆ చీటీ అతికించి, ఎనిమిది పైకి కనబడేలా లామినేషన్ చేశాను. కౌంటర్ వెనక గోడకు తగిలించాను. ఇప్పుడు నా తప్పేం లేదని వచ్చినవాళ్లందరికీ కనబడుతుంది. లోయ ఎక్కడుందో ఎవరికీ కనబడదు. తగిలించే ముందు అలవాటుగా ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి చూశాను. ఎనిమిది పక్కనే చిన్న బుడగ ఉంది. ఇంకోసారి మిషన్లో పెట్టాను.