కోడి మీద రాసిన గింజలు

మా అరుగు మీది గుంటల్లోంచి ఈ మూడేళ్లలో పోయిన చింతగింజలు ఇవి. వానకు కొట్టుకుపోయినవి నాలుగు. పక్కింటి పిల్ల అచ్చనగాయలాటకు ఏరుకుపోయినవి ఐదు. మా ఇంటామె చూసుకోకుండా వేయించినవి రెండు. కోడి తిన్నవి పదహారు. మొత్తం ఇరవై ఏడు. మొదటి మూడు పద్దులూ నిజం. నాలుగోది అబద్ధం, రాసింది నేనే. నా చేతి మీదుగా పడి అలాగే నిలిచిన అబద్ధపు పద్దు అదొక్కటే కాబట్టి దాని సంగతి వివరంగా చెప్పాలి.

ఆట వామనగుంటలు. తెలియనివాళ్ళు లేరు గానీ మగవాళ్ళు తెలియనట్టు ఉంటారు కాబట్టి చెబుతాను. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు. గుంటకు ఐదు చొప్పున డెబ్బై గింజలు. మన వైపు ఒక గుంట ఎత్తి, గింజలు ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవాలి. పంచడం అయ్యాక ఖాళీ గుంట తగిలితే దాని అవతలి గుంటలోవి మన కుప్పలోకి వస్తాయి. ఆట ముగిశాక ఎవరి గుంటలు వాళ్ళు తమ కుప్పతో నింపుకోవాలి. చాలకపోతే గెలిచినవాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకోవాలి.

ఎమ్మిగనూరులో మా అమ్మ మగ్గానికి కండెలు చుడుతుంటే నేనూ అక్కా ఆమె పక్కన కూర్చుని ఆడేవాళ్ళం. అక్క తొండి ఆడేది. ఆమె చేయి గుంటల పలక మీద తిరుగుతుంటే, నా కుప్పలోంచి రెండు గింజలు ఎవరూ పిలవకుండానే ఆమె కుప్పలోకి నడిచేవి. నేను లెక్కలు నేర్చుకున్నది ఆ రెండింటి కోసం. బడి మూడో తరగతితో ఆగిపోయింది. తర్వాత ఆదోని పత్తి మండీలో కాటా దగ్గర లెక్క చెప్పే పని దొరికింది. పన్నెండు మంది రైతుల తూకాలు కాగితం లేకుండా కూడి చెబితే అందరూ ముక్కున వేలేసుకున్నారు. అక్కతో ఆడినవాడికి పన్నెండు మంది రైతులు ఒక లెక్కా?

మా బావ జిన్నింగు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పత్తిలోంచి గింజ తీసే యంత్రం ఏ జబ్బు పడినా చెవి పెట్టి విని చెప్పగలడు, తాను మాత్రం రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. బొంబాయి సేటు ఒకాయన ఆయన్ని ఉగాండాలో తన ఫ్యాక్టరీకి పిలిపించుకున్నాడు. అక్క కూడా వెళ్ళింది. వెళుతూ గుంటల పలకను పెట్టెలో పెట్టుకుంది.

“పలక ఇద్దరిది కదా” అన్నాను.

“ఆదోనిలో బండలకేం కరువురా? ఒకటి చూసి గుంటలు కొట్టించుకో” అంది.

కొట్టించుకున్నాను. రాళ్ళు కొట్టే మనిషిని పిలిచి మా అరుగు బండ మీదే పద్నాలుగు గుంటలు తొలిపించాను. అమ్మానాన్నా అప్పటికే లేరు. నాతో తొండి ఆడేంత దగ్గరివాళ్ళు అక్క తప్ప ఇంకెవరూ మిగలలేదు.

ఆట ఉత్తరాల మీద సాగింది. అక్కకు చదువు రాదు. నా ఉత్తరం బావ చదివి వినిపించి, ఆమె చెప్పింది రాసేవాడు. ఏ గుంట ఎత్తిందీ, ఎన్ని గింజలు వచ్చిందీ రాయాలి, అవతలివాళ్ళు తమ దగ్గర అలాగే పంచుకోవాలి. ఇద్దరి కుప్పలూ ఇద్దరి దగ్గరా ఉంటాయి. అంటే అక్కడ నా కుప్పను కాపాడవలసింది అక్క. ఈ ఒప్పందంలో లోపం ఎక్కడుందో ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. నాకు అప్పుడు తెలియలేదు.

ఎత్తుకు ఎత్తుకు మధ్య నెల పట్టేది. గింజలు కదలకుండా వాటి మీద చేట బోర్లించి, చేట మీద రాయి పెట్టేవాడిని. మంత్రాలయం బస్సుకు కాచుకునేవాళ్ళు చేటను పక్కకు నెట్టి కూర్చోబోతే మా ఇంటామె లోపల్నుంచి కేకేసేది. మండీ హమాలీ ఒకడు ఒకనాడు అడిగాడు.

“ఏమన్నా, చేట కింద ఏం పొదగేసినావు?”

“మా అక్క వంతు.”

“ఆయమ్మ యాడుండాది?”

“ఆఫ్రికాలో.”

“అట్లయితే పిల్ల లేసేకి శానా దినాలు పడతాదిలే.”

అక్క ఉత్తరాల్లో లెక్క మొదటి నుంచీ కుదరలేదు. నా బండ మీద ఆరు వచ్చే చోట ఆమెకు తొమ్మిది వచ్చేవి. రాసి అడిగితే, “గుంటలు నా కండ్ల ముందర ఉండాయి. ఆడ కూర్చోని నీకేం కనపడతాది?” అని జవాబు వచ్చేది.

ఇంతలో నయాపైసలు వచ్చాయి. ఆరణాలంటే ముప్పై ఏడున్నర నయాపైసలు. అర పైసా లేదు కాబట్టి మండీ అంతా ముప్పై ఏడు అనుకుని ఊరుకుంది. నేను ఊరుకోలేదు. ఎవరి అర ఎవరికి పోతోందో రోజూ మండీ సేటుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, నన్ను కాటా దగ్గర్నుంచి గోదాముకు మార్చాడు. గోదాములో తీరిక ఎక్కువ. ఆ తీరికలో అక్క ఉత్తరాలన్నీ ముందేసుకుని, మొదటి ఎత్తు నుంచి లెక్క తీసి, పదకొండు గింజలు ఆమె ఎక్కువ తీసుకున్నట్టు పేజీన్నర రుజువు రాశాను. “వివరము దిగువన చూడగలవు” అని కూడా రాశాను.

మా ఇంటామె చదివించుకుని విన్నది. “అక్కకు రాస్తాండావా, కోర్టుకు రాస్తాండావా?” అంది.

ఆ తర్వాత వచ్చిన ఉత్తరంలో గింజ తేడా లేదు. దాని తర్వాతదానిలోనూ లేదు. ఆమెను నా లెక్క లొంగదీసిందని, చెప్పకేం, ఒక నెల రోజులు మండీలో ఛాతీ విరుచుకుని తిరిగాను. మూడో ఉత్తరం కూడా సరిగ్గా వచ్చేసరికి అన్నం సయించలేదు. ఎత్తు, గింజల సంఖ్య, “అందరమూ క్షేమము”. అంతే. వాన లేదు, వంట లేదు, నన్ను తిట్టిన మాట ఒక్కటి లేదు.

“మీయక్క తొండి ఆడకుండా ఉండేది కాదు. ఆయమ్మకు ఏమో అయినాది” అంది మా ఇంటామె.

పరీక్ష పెట్టాను. ఆమెకు నాలుగు రావలసిన చోట “నీకు ఐదు వచ్చినవి” అని కావాలని రాశాను. నాలుగో ఉత్తరం వచ్చింది. “నాలుగే. సరిచేసుకోవలెను.”

నాకు భయమేసింది. ఫ్యాక్టరీ అడ్రసుకు బావ పేర ఒక్క ముక్క రాశాను. “గుంటలు ఎవరు ఆడుతున్నారు?” ఆయన జన్మలో రాసిన అతి పెద్ద ఉత్తరం బహుశా జవాబుగా వచ్చినదే.

“బామ్మర్దీ, అడిగినావు కాబట్టి చెప్తాండా. నాలుగు ఉత్తరాల నుంచి ఆడేది నేనే. నీ లెక్కల కాగితం చదివి వినిపించినా. మీయక్క కడదాకా వినింది. పలక ఎత్తి అటక మీద పెట్టింది. ‘ఇంత దూరం కాగితం పంపి నన్ను దొంగను చేసినాడు, ఇంక వానితో నాకు ఆట లేదు’ అనింది. నీ ఉత్తరాలు కూడా నిలిచిపోతే ఈడ ఆయమ్మకు మన ఊరి మాట వినపడే దారి ఇంకోటి లేదు. ఆయమ్మతో మాట్లాడేకి నాకు మాటలు రావని నీకు తెలుసు. అందుకని పొద్దున్నే పలక దించి నేనే ఎత్తు ఆడి రాస్తాండా. ఆటలో తప్పులుంటే చెప్పు.”

ఆటలో తప్పులు లేవు. తప్పంతా అదే.

ఆ పూటే అక్కకు రాశాను. “అక్కా, మొన్న చేట ఎత్తి చూస్తే నా కుప్పలో పదకొండు గింజలు తక్కువున్నాయి. కోడి తిన్నట్టుంది. కాబట్టి వెనక నేను రాసిన లెక్క తప్పు. నీ లెక్కే సరి.”

“మనకు కోడి యాడుంది?” అంది మా ఇంటామె.

“పక్కింటోళ్ళది” అన్నాను. పదకొండు గింజలు నా కుప్పలోంచి తీసి డబ్బాలో వేశాను. అర పైసా కోసం కాటా పోగొట్టుకున్నవాడిని. ఆ పదకొండూ రెండోసారి ఎంచకుండానే వేశాను.

జవాబు రెండు పేజీలు వచ్చింది.

“తమ్ముడా, కోడి చింతగింజలు తింటాదని నా పుట్టుకలో వినలేదు. ఆదోని కోళ్ళు ఏమన్నా తింటాయేమోలే. మీ బావకు ఆట రాదు, పక్కన కూర్చోని చూడలేక సచ్చినా. ఈడ మగోళ్ళు కూడా గుంటలు ఆడతారు, నాలుగు వరసలు. వాళ్ళు పంచే వడికి నా కండ్లు చాలవు. వాళ్ళ దగ్గర తొండి కుదరదు. నీతోనే ఆడతా. మూడో గుంట ఎత్తినా. తొమ్మిది వచ్చినాయి.”

మిగిలినదంతా వానలు, వంటలు, నా మీద తిట్లు. నా బండ మీద మూడో గుంటకు నాలుగే వచ్చాయి. రెండుసార్లు పంచి చూశాను. మూడోసారి ఊరికే, సంతోషానికి పంచాను. తేడా వచ్చిన ఆ ఐదు కూడా కోడి మీద రాసి డబ్బాలో వేశాను.

కొన్ని నెలలకు ఆట ముగిసింది. నిజానికి నాకు ముప్పై మూడు, అక్కకు ముప్పై ఏడు. అక్క లెక్కలో ఆమెకు యాభై మూడు, నాకు పదిహేడు. నా ఏడు గుంటలు నిండడానికి ముప్పై ఐదు కావాలి. నిజమైన అప్పు రెండు గింజలే. ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేదు.

అప్పు తీర్చడానికి డబ్బాలోని పదహారుకు ఇంకో రెండు కలిపి పొట్లం కట్టి పంపుతానని రాశాను. అక్క ఒప్పుకోలేదు. “పోస్టులో వస్తే నేను తీసుకోను. నేను ఊరికొచ్చిన దినం నా చేతిలో పెట్టు, ఎంచుకుంటా. అంతవరకూ బాకీ బాకీనే” అంది.

రెండో ఆట నడుస్తోంది. ఆమె ఇంకా రాలేదు. డబ్బా అటక మీద ఉంది. ఈనాటికి అక్కకు నేను బాకీ పద్దెనిమిది గింజలు.