తలుపేసి కరిగించిన బంగారం

కొత్తమావాస్యకు ముందు గురువారం, మధ్యాహ్నం మూడుంపావు. మా ఆయన బంగారం కరిగించే మూస దగ్గర్నుంచి తల ఎత్తి, "నోరేటో అదోలా ఉందే. ఇనప మేకు సప్పరించినట్టుంది," అన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి మళ్ళీ పనిలో పడ్డాడు. జబ్బు మొదలైన గడియ అదే. అప్పటికి ఎవరికీ తెలియదు.

మాది అనకాపల్లి. మా ఆయన సోమాచారి కంసాలి. చూపు మందగించాక కొత్త నగలు చేయడం మానేశాడు. తెగినవి, విరిగినవి, జత పోయినవి కొని, కరిగించి, ముద్ద చేసి అమ్మేవాడు. బంగారం కొన్నవాళ్ళు ఊరంతా చూపించుకుంటారు. అమ్ముకునేవాళ్ళు మొహం దాచుకుంటారు. అందుకని మా ఇంట్లో ఒక మర్యాద పాటించేవాళ్ళం. పేరు అడగం, ఊరు అడగం. తలుపు వేసి వాళ్ళ కళ్ళ ముందే కరిగిస్తాం. బంగారు రజను ఎగిరిపోతుందని ఫ్యాను కూడా ఆపేస్తాం.

ఆ రోజు వచ్చిన అమ్మాయి తెగిన గుండ్ల గొలుసు కొంగున ముడేసి తెచ్చింది. పుట్టింటివారు పెట్టినది. వాళ్ళమ్మ కంటి ఆపరేషన్ కోసం అమ్ముతోంది. అత్తింట్లో చెప్పలేదు.

"మామ్మా, తలుపేసీ. మా ఊరోలు ఎవులైనా సూత్తే నా పని అయిపోద్ది," అంది.

తలుపు వేశాను. అడక్కపోయినా కిటికీ కూడా వేశాను. వాళ్ళిద్దరూ లోపల, నేను బయట అరుగు మీద. మధ్యలో నీళ్ళు ఇవ్వడానికి ఒకసారి వెళ్ళాను.

కరిగించే ముందు మా ఆయన నగల అతుకులు కత్తిరించి వేరే డబ్బాలో వేసేవాడు. అతుకుల్లో టంకం ఉంటుంది, బంగారం తక్కువ. ఏళ్ళ తరబడి అలా నిండిన డబ్బా అది. ఆ రోజు గొలుసు కరిగాక, మంట ఎలాగూ ఉంది కదా అని డబ్బా మొత్తం మూసలో బోర్లించాడు. గోధుమరంగు పొగ లేచింది. డబ్బు తీసుకున్నా ఆ అమ్మాయి వెంటనే వెళ్ళలేదు. తన ఫోన్ మొగుడు చూస్తాడని నా ఫోన్ అడిగి, ఆ పొగలోనే కూర్చుని తల్లితో మాట్లాడింది. తర్వాత దగ్గుకుంటూ బస్సుకు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మా ఆయనకి గొంతు గరగర. రాత్రి చలిజ్వరం. మర్నాడు వీధి చివర క్లినిక్‌లో చూపిస్తే, "వైరల్ ఫీవర్, ఇప్పుడందరికీ ఇదే," అని మాత్రలు ఇచ్చారు. నాకూ కాస్త దగ్గు వచ్చింది. అందరికీ ఇదే కాబోలనుకున్నాను.

శనివారం పొద్దున ఆయన నన్ను పిలవబోయాడు. పేరు సగంలో ఆగిపోయింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. మా అబ్బాయి కామేశు ఆయన వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, అంకె నాకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. విశాఖపట్నం తీసుకుపోయాం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ తెల్లగా కనబడ్డాయి. సీటీ తీశారు. ఐసీయూలో పెట్టి మూతికి గాలి నెట్టే బైపాప్ మాస్క్ బిగించారు.

డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఇది వైరల్ కాదు. ఆయన ఏం పని చేస్తారు?" అని అడిగింది.

చెప్పాను. డబ్బా సంగతీ చెప్పాను.

"పాత కేడీఎం నగల టంకంలో కాడ్మియం ఉంటుందమ్మా. ఆ పొగ పీల్చినప్పుడు పెద్దగా ఏమీ తెలియదు. మామూలు జ్వరంలాగే వస్తుంది. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ గదిలో ఇంకెవరున్నారు?"

గొలుసు అమ్మిన అమ్మాయి ఉందన్నాను. పేరు తెలియదు, ఊరు తెలియదు. మా మర్యాద అలా ఏడ్చింది.

అప్పుడు ఫోన్ గుర్తొచ్చింది. కామేశు ఆ నంబరు వెతికి కలిపాడు. దేవరాపల్లి నుంచి ఆ అమ్మాయి తల్లి ఎత్తింది.

"పిల్లకి జ్వరమేనమ్మా, పడుకుంది," అంది. ఎందుకు అడుగుతున్నానో చెప్పేసరికి ఏడుపు ఎత్తుకుంది. "నీకు దణ్ణం పెడతాను, ఆలింటికి ఎల్లకు. గొలుసు సంగతి తెలిత్తే దాన్ని గెంటీత్తారు."

"గెంటడానికి పిల్ల ఉండాలి కదమ్మా. ఊరు సెప్పు," అన్నాను.

చీడికాడ దగ్గర ఊరు చెప్పింది. మా ఆయన్ని కామేశుకి వదిలి ఆటో ఎక్కాను. నేను వచ్చేసరికి ఈయన ఉంటాడో లేదో తెలియదు. అయినా ఎక్కాను.

ఆ ఇంటి వాకిట్లో అత్తగారు కుండలు తోముతోంది.

"ఎవులమ్మా నువ్వు? ఏటి కావాల?"

"మీ కోడల్ని సూడాల."

ఆ అమ్మాయి లోపల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. నన్ను చూసి మొహం పాలిపోయింది.

"ఈ మామ్మెవులో నాకు తెల్దు. దారి తప్పొచ్చింది," అంది. ఆ రెండు మాటలకే ఆయాసపడింది.

"నాను తప్పలేదే. ఏదీ, ఆయాసపడకుండా ఇంకోపాలి ఆ మాటే అను సూద్దాం."

అనలేకపోయింది. నేను అత్తగారి వైపు తిరిగాను. "మీ కోడలు మా ఇంట్లో గొలుసు అమ్మీసింది. తల్లి కళ్ళ కోసం. ఆ పొగ పీల్చి మా ముసలాయన ఐసీయూలో ఉన్నాడు. దీన్ని ఇప్పుడే తీసుకెళ్ళకపోతే ఇదీ పోద్ది. తర్వాత తిట్టుకో."

ఆవిడ కోడలి నీలం తిరిగిన పెదవుల వైపు చూసింది. చేతి మసి చీరకి తుడుచుకుంది. "ఒరే, బేగి రండిరా!" అని పెరట్లోకి కేకేసింది. కోడల్ని జబ్బ పట్టి లేపుతూ, "గొలుసు సంగతి బతికొచ్చేక అడుగుతాను. అప్పుడు ఉంటాది నీకు," అంది.

నేను వచ్చిన ఆటోలోనే విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్స్ ఇచ్చారు. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. నేను తిరిగి వెళ్ళేసరికి మా ఆయనకి వెంటిలేటర్ పెట్టేశారు. తీశాక న్యుమోనియా పట్టుకుంది. అది తగ్గుతుండగా యూరిన్‌లో ప్రోటీన్ కనబడింది, కిడ్నీలకి దెబ్బ తగిలిందన్నారు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. మంచం పక్కన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ రాత్రీ పగలూ గురగురలాడుతూ ఉంటుంది. కరెంటు పోతే మా ఇద్దరి గుండెలూ ఆగినంత పని. కాడ్మియం ఒంట్లోకి వెళ్తే తొందరగా పోదట, కిడ్నీల్లో కూర్చుంటుందట. ముగ్గురం టెస్టులకు వెళ్తూనే ఉన్నాం. ప్రతిసారీ డాక్టరమ్మ కాగితం చూసి, "ప్రస్తుతానికి పర్లేదు," అంటుంది. ప్రస్తుతం దాటాక ఏమిటని నేను అడగను.

చదివేవాళ్ళకి ఒకటే చెబుతాను. పాత నగ అమ్మితే ఆరుబయట కరిగించమనండి, లేదా దూరంగా పొండి. పొగ పీల్చాక జ్వరం వస్తే, పొగ సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. సిగ్గుపడి దాచకండి.

మనవరాలు దిద్దించిన అక్షరాలతో ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి పేరు రాయకూడదనుకున్నాను. టెస్టుల దగ్గర కలిసినప్పుడు ఆ మాటే చెప్పాను. పక్కనే అత్తగారు ఉంది.

"రాయి మామ్మా. దాసుకునే కదా సావబోయేను," అంది ఆ అమ్మాయి.

"రాయమ్మా, రాయి. ఇంకా గొలుసు సంగతి నానొగ్గీలేదు," అంది అత్తగారు.

రాస్తున్నాను. ఆ రోజు ఆ తలుపు లోపల ఉన్నవాళ్ళం: కంసాలి సోమాచారి, ఆయన భార్య ఈశ్వరమ్మ అనే నేను, చీడికాడ కోడలు నూకరత్నం.