కుంకుడు నురగ తాగిన బొప్పాయి

ప్రొద్దుటూరులోని మా ఫ్లాటులో తలంటుకుంటే కుంకుడు నురగ నేరుగా బాత్రూము జాలీలోకి పోతుంది. చిన్నప్పుడు పులివెందులలో మా అవ్వ నన్ను బొప్పాయి చెట్టు పక్కన నల్లబండ మీద కూర్చోబెట్టి తలంటేది. నురగంతా చెట్టు మొదట్లోకి పారేది. అందుకే ఆ చెట్టు పండు చేదుగా ఉంటుందని నాకప్పట్లో గట్టి నమ్మకం. తొలి పండు కోసిన రోజు నోరూరుతున్నా ముట్టుకోకుండా అందరినీ చూస్తూ కూర్చున్నాను.

“ఏందిరా, తినకుండా మా మొగాలు చూస్తాండావు?” అంది అవ్వ.

“నీ నోట్లోంచి నురగ వస్తాదేమోనని.”

అవ్వ పగలబడి నవ్వి నా నోట్లో ఒక ముక్క పెట్టింది. “నీ ఒంటి మురికంతా తాగి ఎంత తియ్యగయిందో చూడు!”

రెండో ముక్క నేనే తీసుకున్నాను. బిందెడు నీళ్లతో రెండు పనులు చేసుకోవాల్సినంత కరువు మా ఇంట్లో ఉందని, ఆ పండ్లు తింటూ పెరిగిన నాకు చాలా ఏళ్లు తెలియనే లేదు.