గొర్రెపిల్ల సమాధి

బొబ్బిలి మిషన్ సమాధుల తోట గేటు తీయగానే, అక్కడ ఊడ్చే దేవమణి మొదట చీపురు పట్టేది కాదు. ఎదురు కొట్టు ఉమాపతి ప్రహరీ గోడ మీద పెట్టిన కొబ్బరి పీచు తీసుకునేది. రోజూ దేవుడి ముందు కాయ కొట్టబోతూ వలిచిన పీచును ఆవిడ కోసమని ఉంచేవాడాయన. దాన్ని తడుపుకుని, పాత దొరల సమాధుల వరసలో చివరిదాని దగ్గర చతికిలబడేది. ఎవరో దొరసాని బిడ్డది. పలక మీద పడుకున్న గొర్రెపిల్లను రాతిలో చెక్కారు. దాని చెవుల సందుల్లో, ఉన్ని ముడతల్లో పేరుకున్న సున్నాన్ని చీపురుపుల్లతో గీకి, పీచుతో రుద్దేది.

ఏటా ఈస్టరుకు ముందు సంఘంలోని కుర్రాళ్ళు సమాధులకు సున్నం వేస్తారు. తమవాళ్ళకు వేసిన చేత్తోనే, చూడ్డానికెవరూ రాని దొరలకూ ప్రేమగా రెండు పూతలు వేస్తారు. ఆ ప్రేమ కిందే గొర్రెపిల్ల మొహం పూడిపోతూ వచ్చింది. వాళ్ళు వేయడం, ఏడాది పొడుగునా ఈవిడ తీయడం. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ప్రభువు ఇచ్చిన ఓపిక వచ్చినంత కాలం వచ్చింది. ఈ ఏడు భుజం పట్టేసింది. గొర్రెపిల్ల కన్ను ఒకటి ఇంకా సున్నంలోనే ఉండిపోయింది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం వెళ్ళిన మర్నాడు, సంఘం కుర్రాళ్ళలో ఒకడైన విక్టర్ ఆటో గేటు దగ్గర ఆపి, సున్నం బకెట్టుతో వచ్చాడు.

"లెగు మామ్మా. నీ మీద పడితే నిన్నూ సమాధే అనుకుంతారు."

"పడనీరా. ఒక పూతకి నేనూ తెల్లగవుతాను."

అతను నవ్వి గొర్రెపిల్ల వైపు వంగాడు. "ఇదేటి, అంతా పెచ్చులూడిపోనాది? దీనికి ఈసారి మూడు పూతలేస్తాను."

దేవమణి చేతిలోని పీచు కింద పెట్టింది.

"ఊడలేదురా. నేనే తీస్తన్నాను. అదిగో, ఆ గడ్డి లేనికాడ సూడు. నా పెద్దపిల్ల అక్కడున్నాది. పురిట్లోనే పోయింది. రాయి పెట్టే తాహతు మాకేది? గుర్తుంటాదని, ఈ గొర్రెపిల్ల ఎటు సూస్తే అటే పూడిసాడు మా ఇంటాయన."

విక్టర్ కుంచెను బకెట్టులోనే వదిలేశాడు. "ఇన్నేళ్ళూ సెప్పలేదేటి మామ్మా?"

"మీరు ప్రేమగా ఏస్తంటే ఏటని సెప్పను?" ఆవిడ కుడిచెయ్యి ఎత్తబోయి, ఒళ్ళోకి జారనిచ్చింది. "ఇది ఇంక లెగదు. ఆ కన్నొక్కటీ నువ్వు తీసిపెట్టరా, నాయినా. పీచు తడిపే ఉన్నాది."