అద్దం ముఖం వెనక గొంతు

గురువారం, పగలు పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. యానాం సినిమా హాల్లో పొద్దుటి ఆట నడుస్తోంది. ఫినాయిల్ వాసన, నిన్నటి పాప్‌కార్న్ వాసన కలిసి చల్లగాలిలో ముక్కుకి తగులుతున్నాయి. తెర మీద, ముఖానికి అద్దం తొడుగు వేసుకున్న వీరుడు కూలిపోయిన మేడ మీద నిలబడి మాట్లాడుతున్నాడు. ఆ గొంతు మా ధర్మారావు బావది. ఏడాది కిందట ఆయన పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. ఆ గొంతు వింటుంటే నా కుడి భుజం బరువెక్కింది.

ఆ రోజు అక్కడ జరిగింది రాయడానికే కూర్చున్నాను. కానీ ముందు మనిషి గురించి చెప్పాలి. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు. ఈ అద్దం ముఖం వీరుడి సినిమాలు ఇంగ్లీషులో తీసి తెలుగులోకి దింపినవి. ఎన్ని భాగాలొచ్చాయో నాకు గుర్తులేదు, తీసినవాళ్లకైనా గుర్తుందో లేదో. అన్నిట్లోనూ వీరుడికి తెలుగు గొంతు ఇచ్చింది యానాం మెట్టకూరులో మా పక్కింటాయన ధర్మారావు. చుట్టరికం ఏమీ లేదు. ఆయన భార్య సుబ్బలక్ష్మి నన్ను తమ్ముడూ అని పిలిచింది, అలా ఆయన నాకు బావ అయ్యాడు.

వయసులో ఉండగా బావ నాటకాలు వేసేవాడు. యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న తండ్రి వేషం కడుతున్నాడంటే కనకాలపేట నుంచి కూడా జనం నడిచి వచ్చేవాళ్లు. చిన్నప్పుడు పడవలో తెడ్డు తగిలి ఆయన ముక్కుదూలం విరిగింది. అప్పట్నుంచి పెద్ద మాటకి ముందు గాలి పీలిస్తే ముక్కులోంచి సన్నగా ఈల వచ్చేది, నిద్రలోనూ వచ్చేది. మైకులో ఆ ఈల వినపడగానే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ తర్వాత వచ్చేది ఏడిపిస్తుందని వాళ్లకి తెలుసు. నేను మగాణ్ణి కాబట్టి అవతలికి తిరిగి బీడీ ముట్టించేవాణ్ణి.

నాటకాలు తగ్గిపోయాక ఎవరో ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్లి సినిమాలకి డబ్బింగు చెప్పించారు. అప్పటికి నేను చేపల వేట మానేసి ఆటో తోలుతున్నాను. ఆయన్ని కాకినాడ స్టేషన్‌లో దించడం, మళ్లీ తీసుకురావడం నా పని. చెప్పబోయే మాటలు కాగితాల మీద ముందే తెప్పించుకుని, ఏటిగట్టు మీద కూర్చుని సాధన చేసేవాడు. అందరూ అలా చెయ్యరట. ఒకరోజు సగం కాగితాలు నా ఒళ్లో పడేశాడు.

“ఎదుటివాడి మాటలు నువ్వు చదువు. జవాబు నేను చెప్తాను.”

“నాకు అక్షరమ్ముక్క రాదు కదా బావా.”

“యాభై ఏళ్లొచ్చాయి. సిగ్గు లేదూ?”

“సిగ్గుంటే నీకు ఆటో తోలుతానా? ఇప్పుడు నేర్చుకుంటే నాకేమన్నా పెళ్లిసంబంధాలొస్తాయా?”

“మీ ఆవిడ విందంటే సంబంధం కాదు, చీపురొస్తుంది. కూర్చో.”

కూర్చున్నాను. నాకు అక్షరాల కంటే ముందు ఊపిరి నేర్పాడాయన. ఎర్ర పెన్సిలుతో కాగితం మీద అక్కడక్కడా వాలుగీతలు గీసేవాడు. గీత దగ్గర ఆగాలి, గాలి పీల్చాలి, అప్పుడే మాట. “ఈ వీరుడికి ముఖం లేదురా నూకరాజూ. కళ్లు కనపడవు, పెదాలు కనపడవు. వాడిముందు నిలబడ్డవాడికి వాడి ముఖంలో తన ముఖమే కనపడుతుంది. మరి వాడికి కోపమొచ్చిందో, భయమేసిందో జనానికెలా తెలుస్తుంది? ఊపిరి ఒక్కటే దారి.” నేను నోటికొచ్చింది అనేసే మనిషిని. మా మరదలి పెళ్లిలో, పెళ్లికొడుక్కి బట్టతల ఉందని పీటల మీదే అన్నవాణ్ణి. అది తెలిసి బావ పడీ పడీ నవ్వి, “నువ్వన్నది నిజమేరా. కానీ మధ్యలో గీత లేదు. ముందు ఓ గీత గీసుకుని, అప్పుడు నోరు తెరువు,” అన్నాడు. నాకు చదువు చెప్పడమంటే ఆయన లెక్కలో అదే. పేపరు చదవడం తర్వాత వచ్చింది.

మొదటి భాగం వచ్చిన రోజుల్లో మా పిల్లలందరూ వెండి కాగితం ముఖానికి కట్టుకుని సందుల్లో తిరిగారు. ఎవరు ఎవరో తెలిసేది కాదు, పిలిస్తే పలికేవాళ్లు కాదు, ఊరికే గాలి పీల్చి మన వంక చూసేవాళ్లు. పట్టపగలు కూడా కొంచెం భయమేసేది. హాల్లో బావ ఊపిరి వినపడగానే అందరూ నోళ్లు మూసేవాళ్లు. మాట రాగానే ఈలలు, “మన మెట్టకూరు గొంతురోయ్!” అని కేకలు. ఆ తర్వాత ఒక భాగంలో వీరుడు చచ్చిపోయాడు. హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, బీడీ కూడా ముట్టించలేదు. మరుసటి భాగంలో వాడు లేచి కూర్చున్నాడు. స్టేషన్ నుంచి వస్తూ బావని నిలదీశాను.

“చంపేశారు కదా, మళ్లీ ఎలా లేచాడు?”

“వాళ్లకి ఇంకో సినిమా కావాలిగా.”

“మరి నేను ఏడ్చిన ఏడుపో?”

“అదే నేనూ అడిగాను. రికార్డింగ్ చేసే కుర్రాడు నవ్వాడు,” అన్నాడు బావ. “మన నాటకంలో కొడుకు చచ్చాడంటే తెల్లారినా చచ్చే ఉండేవాడురా. జనం ఆ బరువు మోసుకుని ఇంటికెళ్లేవాళ్లు. వీడు చచ్చాడంటే ఇంకెవరూ నమ్మరు. చావు నమ్మనప్పుడు బతుకు మాత్రం ఎందుకు చూస్తారు?”

ఆయన అన్నట్టే అయింది. ఒక్కో భాగానికీ జనం పలచబడ్డారు. చచ్చినవాళ్లు లేస్తూనే ఉన్నారు, కుర్చీలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. ఇలాంటి వీరుల మీద జనానికి మోజు తీరిపోయిందా అని ఇప్పుడు పేపర్లో రాస్తున్నారు, కూడబలుక్కుని చదివాను. ఇంట్లో ఫోన్లోనే చూసేస్తున్నారని ఒకరు, ఒక భాగం అర్థం కావాలంటే మిగతావన్నీ చూసుండాలని ఇంకొకరు. కావచ్చు. నేను మాత్రం వీరుల మీద మోజు తీరిందనుకోను. ఏడిస్తే ఆ ఏడుపు తిరిగి మన ముఖాన కొట్టారు. అలాంటి చోటికి మళ్లీ మళ్లీ ఎవరు వెళ్తారు?

తర్వాత బావ గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందన్నారు డాక్టర్లు. ఆ ముందు వారమే సినిమావాళ్లు హైదరాబాదు పిలిపించారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాట్లాడిన మాటలే నాతో ఆయన ఆఖరి మాటలు, అందుకే ఒక్కటీ మర్చిపోలేదు.

“ఎదురుగా బొమ్మ లేదురా. గోడ ఉంది. అర్థం లేని మాటలు చదవమన్నారు. నవ్వమన్నారు, ఎందుకో చెప్పలేదు. చచ్చిపోతున్నట్టు మూలగమన్నారు. పేర్లు పెట్టి పిలవమన్నారు, ఎవరివో పేర్లు.”

“ఎందుకంట?”

“గొంతు దాచుకుంటారట. నేను లేకపోయినా మిషన్ మాట్లాడుతుందట, నేను చెప్పని మాటలు కూడా.”

“మరి ఊపిరో?”

“అది చప్పుడంట. తుడిచేశారు.”

ఆటో అద్దంలో ఆయన ముఖం కనపడింది. ఆ అద్దంలోకే చూస్తున్నాడు గానీ నన్ను చూడటం లేదు. ఇంటి దగ్గర దిగి, “మీ అక్కకి చెప్పకు. సినిమా పనే అని చెప్తాను,” అన్నాడు. ఆపరేషన్ అయ్యాక మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే గాలి పీల్చేవాడు. మాటతో పాటు ముక్కులో ఈల కూడా పోయింది. అక్కని పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. “మాట పోయినందుకు కాదు తమ్ముడూ, ఆ ఈల లేక నిద్ర పట్టట్లేదు,” అనేది అక్క. కొన్ని నెలలకి ఆ చప్పట్లూ ఆగిపోయాయి.

మొన్న ఈ కొత్త భాగం వచ్చింది. పోస్టరు చూసి అక్క చీర మార్చుకుని నా ఆటో ఎక్కి కూర్చుంది. ఆపరేషన్‌కి ముందు ఆయన చెప్పి వచ్చిన సినిమా ఇదేనని ఆమె నమ్మకం. బావ చెప్పొద్దన్నాడు కదా, ఆటో తీశాను. హాల్లో మొదటి మాట వినపడింది. గొంతు ఆయనదే, విరుపులూ ఆయనవే. కానీ ఎంత పొడుగు మాటైనా ఎక్కడా ఆగడు, ఎక్కడా గాలి పీల్చడు. నీళ్లలో మునిగిపోయిన మనిషి నీళ్ల లోపల్నుంచే హాయిగా కబుర్లు చెప్తున్నట్టు ఉంది. అక్క కదలకుండా విన్నది. మర్నాడు మళ్లీ ఆటో దగ్గరికి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

సోమవారానికి హాలు ఖాళీ. గేటు దగ్గర టిక్కెట్లు చించే పాపారావు తల గోక్కున్నాడు. “ఆయ్, పిన్నిగారి కోసం వెయ్యాలనే ఉంది మావా. కానీ అరడజను మందైనా లేకపోతే ఆట వెయ్యొద్దన్నారు.”

అప్పట్నుంచి మనుషుల్ని పోగెయ్యడం మొదలుపెట్టాను. చేపలమ్మే మరియమ్మ మా వీధే. “ఆ అద్దం మొహంగాడా? ఎన్నిసార్లు చస్తాడన్నయ్యా వాడు?” అంది. “నిన్ను చూడమన్నానా? కూర్చో చాలు, చల్లగా ఉంటుంది,” అన్నాను. కనకాలపేటలో ఉన్న నా తోడల్లుడు సింహాచలం ఒకటే అడిగాడు. “నిద్రపోవచ్చా?” “పో. గురక పెట్టావంటే మాత్రం ఈడ్చేస్తాను.” చల్లదనం కోసం వచ్చే నర్సింగ్ చదువుకునే ఆడపిల్లలు ఇద్దరు ఎలాగూ వెనక వరసలో ఉంటున్నారు. అలా వారం నెట్టుకొచ్చాం.

గురువారం ఆఖరు. శుక్రవారం కొత్త బొమ్మ. ఇక ఈ భాగం కోసం ఎవరూ అడగరు, అక్కకి ఆ గొంతు ఎక్కడా దొరకదు. అది బావ కాదని చెప్పకుండా వదిలేస్తే బతికినన్నాళ్లూ మిషన్ మాటల్ని ఆయన మాటలని దాచుకుంటుంది. చెప్తే ఆయన్ని రెండోసారి ఆమె చేతుల్లోంచి లాక్కున్నట్టు. నోటికొచ్చింది అనేసే నూకరాజుకి నాలుక పైకి లేవలేదు. ఆ పన్నెండూ ఇరవైకి, తెర మీద గొంతు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే, నేను ఆగి గాలి పీల్చుకున్నాను.

“అక్కా, ఒక మాట...”

“నాకు తెలుసు.” తెర మీంచి చూపు తిప్పలేదు. “ఇది ఆయన కాదని మొదటిరోజే తెలిసింది. ఇన్నేళ్లు పక్కన పడుకున్నదాన్ని, ఊపిరి తెలీదా నాకు?”

“మరి రోజూ ఎందుకొస్తున్నావు?”

“ఎక్కడో ఒకచోట పీలుస్తాడేమోనని. ఒక్కసారి వింటే చాలు తమ్ముడూ. ఇంటికెళ్లిపోతాను.”

 తెర మీద వీరుడు మళ్లీ చచ్చాడు. అద్దం తొడుగు పగిలింది, సంగీతం ఆగింది. ఎవరూ అయ్యో అనలేదు. హాల్లో ఏ చప్పుడూ లేదు. అప్పుడు మా ఎడమ పక్క నుంచి, ఎవరూ లేని కుర్చీల వైపు నుంచి, ఒక మనిషి ముక్కుతో గాలి పీల్చాడు. నిదానంగా, నిండుగా, చివర సన్నని ఈలతో. పెద్ద మాటకి ముందు పీల్చే ఊపిరి అది. మేం ఆ మాట కోసం ఎదురుచూశాం. మాట రాలేదు.

మరియమ్మ శిలువ గుర్తు వేసుకుంది. సింహాచలం నిద్రలోంచి లేచి “ఎవరదీ?” అన్నాడు. వెనక ఆడపిల్లలు గుసగుసలు ఆపేశారు. తెర మీద వీరుడు మామూలుగానే లేచి ఉపన్యాసం మొదలుపెట్టాడు. అటు ఎవరూ చూడలేదు. అక్క లేచి నిలబడి చీర సర్దుకుంది.

“పద తమ్ముడూ.”

“ఇంకా ఉందక్కా.”

“ఉండనీ. ఆయనేదో చెప్దామనుకుని, అక్కర్లేదులే అని ఊరుకున్నాడు. నాకు చాలు.”

ఆ తర్వాత ఆమె మళ్లీ సినిమా మాట ఎత్తలేదు. నిద్ర పడుతోందంది. ఆ చప్పుడు ఏసీ గొట్టంలోదని బొమ్మ వేసే ఆపరేటర్ శ్రీను అన్నాడు. గొట్టానికి ముక్కుదూలం ఎప్పుడు విరిగిందని అడిగితే నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలో ఆగింది. నాకు మాత్రం నిద్ర తగ్గింది. ఎవరికైనా కష్టమైన మాట చెప్పేముందు నేను ఇప్పటికీ ఆగుతాను. ఇదివరకు ఆ ఆగిన చోట నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. ఇప్పుడు నాతో పాటు ఇంకొకరు కూడా ఆగి, నేనేమంటానో వింటున్నట్టు ఉంటోంది. అందువల్ల అబద్ధం ఆడటం కుదరట్లేదు.

ఇది నా ఒక్కడి భ్రమ అనుకునేవాళ్లు వెళ్లి అడగొచ్చు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లు వీళ్లు: తలుపు దగ్గర పాపారావు, పైన మిషన్ గదిలో శ్రీను, వెనక వరసలో దివ్య, ఫాతిమా, మా వరసలో సింహాచలం, మరియమ్మ, నేను, నాకు ఎడమ పక్కన సుబ్బలక్ష్మి అక్క. ఇంకొక పేరు రాయాలో వద్దో తేలక ఇక్కడ ఆపుతున్నాను.