చుట్టుదారి మావయ్య

ఆ ఇంటి కోడలి మావయ్యగారికి దగ్గరి దారంటే గిట్టదు. వీధి చివరి దుకాణంలో అగ్గిపెట్టె తెమ్మంటే, ఊరంతా ఒక చుట్టు చుట్టి, అదే దుకాణానికి అవతలి వైపు నుంచి చేరుకునేవారు. ఆయన ఇల్లు చేరేసరికి కోడలు వంట ముగించి గిన్నెలు కూడా కడిగేసుకునేది.

"ఆలస్యమైందా అమ్మా?" అని అడిగేవారు. ఆ గొంతులో బాధ ఆవగింజంత కూడా ఉండేది కాదు.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. సర్వీసంతా ఒకే రోడ్డు మీద పోతూ వస్తూ గడిపిన మనిషి. అలాంటి మనిషికి ఈ చుట్టుదార్ల పిచ్చి పట్టడానికి కారణం కోడలే. ఆమె పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసు ఫోన్లో వేసుకునే ఒక యాప్ ఇచ్చింది. అది అడుగులు లెక్కపెడుతుంది. నడిచిన కొద్దీ, కాళ్ళు పోయినవాళ్ళకి కృత్రిమ కాళ్ళు అమర్చే ఒక కేంద్రానికి కంపెనీ విరాళమిస్తుంది. ఇంట్లోవాళ్ళు కూడా చేరొచ్చన్నారని ఆమె తన చేత్తోనే ఆ యాప్‌ను మావయ్య ఫోన్లో పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని వివరాలన్నీ రెండుసార్లు చదివారు. "కాళ్ళు పెట్టేవాళ్ళకేనా? బాగుంది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. అంతే, ఆ రోజు నుంచి ఏ పనికి పంపినా మనిషి వేళకి తిరిగొస్తే ఒట్టు.

ఒకసారి వంటింట్లో కుళాయి ఊడిపోయింది. ప్లంబరు గొట్టాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని, "పెద్ద స్పానరుంటే ఇవ్వండి" అని కేకేశాడు.

"పక్కింట్లో ఉంది, తెస్తానుండు" అన్నారు మావయ్య.

"మీరొద్దు!" అని ఇంటిల్లిపాదీ ఒక్కసారి అరిచారు. అప్పటికే ఆయన గేటు దాటారు. ఆ అరుపులు గోడ మీంచి విని పక్కింటాయనే స్పానరు పట్టుకొచ్చాడు. పనయింది, ప్లంబరు వెళ్ళిపోయాడు, పక్కింటాయన కూర్చుని కాఫీకి ఉపక్రమించాడు. అప్పుడొచ్చారు మావయ్య, చెమట తుడుచుకుంటూ.

"వాళ్ళింటికి తాళం వేసుందమ్మా."

"తాళంచెవి ఆయన జేబులోనే ఉంది మావయ్యా. ఇదుగో, ఇక్కడే ఉన్నారు."

ఇంతవరకూ నవ్వుకున్నారు. తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. నాలుగు వీధుల అవతల నుంచి ఒకావిడ పనిగట్టుకుని వచ్చింది. "మీ మావగారు మా గేటు ముందు నిలబడి మా కుక్క గురించి చెప్తున్నారండీ. చెవి మీద మచ్చ ఉందట, ఎండకి కళ్ళు చికిలిస్తోందట, ఇప్పుడు ఆవలించిందట. ఎవరికి చెప్తున్నారు? కుక్కకా?" మంగలిదీ అదే మాట. రోజూ అద్దాల బయట ఆగి, కుర్చీలో ఎవరున్నారో, తల మీద ఎంత మిగిలిందో పైకే చెప్తున్నారట.

ఆయన చెవిలో ఎప్పుడూ ఇయర్‌ఫోను ఉండేది. పాటలు వింటున్నారనుకున్నారు ఇంట్లో. ఇప్పుడు కొడుకు మొహం వాడిపోయింది. "నాన్నకి మతి చలిస్తోందేమో" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. ఆమె తన చేతివైపు చూసుకుంది. ఆ యాప్ పెట్టిన చెయ్యి తనదే మరి.

అంతలో ఆయన మోకాలు గుమ్మడికాయలా వాచింది. నెల్లాళ్ళు గడప దాటొద్దన్నాడు డాక్టరు. మావయ్య కుర్చీలో కూలబడ్డారు. అన్నం ముద్ద దిగదు, పలకరిస్తే పలకరు, ఫోను మోగినా ఎత్తరు. సాయంత్రమయ్యేసరికి గోడగడియారం వైపు, గుమ్మం వైపు మార్చి మార్చి చూస్తారు. యాప్‌లో వెనకబడిపోతున్నానని బెంగేమో అనుకున్నాడు కొడుకు.

"ఫోను తీసి ఫ్యాను రెక్కకి కట్టేద్దాం నాన్నా. అదే తిరుగుతుంది, అదే లెక్కపెట్టుకుంటుంది."

ఆయన కోపంగా తలెత్తారు. "ఫ్యానుకి రోడ్డు కనిపిస్తుందట్రా?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు ఆమె ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆయన తన ఫోను చేతికిచ్చారు. "సాయంత్రం నడిచి రా అమ్మా. ఇది మోగుతుంది. ఎత్తు."

"ఎవరు మావయ్యా?"

"వాడే చెప్తాడు. నేను ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నువ్వు ఫోనెత్తితే అది నేను చెప్పినట్టు కాదు కదా?"

ఆఫీసు మెట్లు దిగుతుండగానే మోగింది.

"ఏరా, బండి తీశావా? ఇన్నాళ్ళూ డిపోలో పడి నిద్రపోతున్నావా?" ముసలి గొంతు, కంచు మోగినట్టుంది.

"నేను ఆయన కోడల్నండీ. మావయ్యకి మోకాలు వాచింది."

అటు గొంతు తగ్గింది. "వాడి బస్సులో కండక్టర్నమ్మా. షుగరు ముదిరి నాకు ఒక కాలు తీసేశారు. ఈ గదికి ఒకటే కిటికీ, తెరిస్తే గోడ. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ 'అయ్యో పాపం' అంటుంటే ఎవర్నీ రావద్దన్నాను. మీ మావయ్య మాత్రం పాపమనలేదు. ఫోన్ చేసి, 'ఎటు పోదాం చెప్పు' అన్నాడు."

ఆమె మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది.

"రోజూ ఒకే దారయితే ఫోను పెట్టేస్తానన్నాను. సర్వీసంతా ఒకటే రోడ్డు చూశాం, ఇంకా అదేనా? అందుకే పాపం, కొత్త కొత్త వీధులు వెతుకుతున్నాడు. సర్లే, వాడు లేకపోతే ఇంకేముందిలే. పెట్టెయ్యి తల్లీ."

"ఎందుకు పెట్టెయ్యాలి బాబాయిగారూ?" అంది ఆమె. "నేను నడుస్తూనే ఉన్నాగా."

"అయితే ఏం కనిపిస్తోంది?"

"గోడండీ."

"గోడ నా కిటికీలోనూ ఉంది. దాని మీదేముంది?"

"'ఇక్కడ పోస్టర్లు అంటించరాదు' అని రాసుంది."

"ఇంకా?"

"దాని మీద మూడు పోస్టర్లు అంటించారు."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. ఆ పూట ఆమె రైల్వే గేటు మీదుగా, కట్టెల అడితి పక్క నుంచి, ఎన్నడూ చూడని సందులన్నీ తిరిగి ఇల్లు చేరింది. గుమ్మంలో భర్త కంగారుపడుతున్నాడు. మావయ్య మాత్రం ఒక్కటే అడిగారు, "ఎటు తీసుకెళ్ళావు?"

"రైల్వే గేటు వైపు."

"అటు నేనే ఇంకా తీసుకెళ్ళలేదు" అన్నారు, కాస్త ఉడుక్కుంటూ. రెండోసారి అడిగి మరీ అన్నం పెట్టించుకున్నారు.

రోజులు గడిచాయి. ఒక సాయంత్రం ఆమె కృత్రిమ కాళ్ళ కేంద్రం మాటెత్తింది. కండక్టరు చిరచిరలాడాడు. "మీ మావయ్యా చెప్పాడు. ఇంకోసారి ఆ ఊసెత్తితే దిగిపోతానన్నాను."

"మిమ్మల్ని రమ్మనట్లేదండీ. నేనే ఆ వైపు వెళ్తున్నాను. ఏం కనిపిస్తే అది చెప్తాను."

ఆయన వద్దనలేదు. పచ్చగేటు గురించి చెప్పింది. లోపల రెండు పొడవాటి కమ్మీల మధ్య ఒకావిడ కొత్తకాలితో నడక నేర్చుకుంటూ, పట్టుకోబోయిన మొగుణ్ణి కసురుకోవడం చెప్పింది. ఆయన నవ్వలేదు. చివరికి, "ఆ గుమ్మానికి మెట్లున్నాయా అమ్మా?" అన్నాడు.

"లేవు బాబాయిగారూ. వాలుగా ఉంది."

మూడు నెలల తర్వాత ఆ కమ్మీల మధ్య కండక్టరు నిలబడ్డాడు. కాలు కొత్తది, కోపం పాతదే. "ఒక్క అడుగెయ్యండి" అని నడక నేర్పే అమ్మాయి బతిమాలుతోంది. ఆయన కమ్మీ వదలడు, కాలు కదపడు. నుదుటి మీద చెమట పట్టింది. పక్కనున్న కోడలు సాయానికి రాబోయింది. మావయ్య ఎదురుగా వెళ్ళి, ఆయన ముందే నిలబడ్డారు.

కండక్టరు తలెత్తాడు.

"ఏరా, దారికి అడ్డంగా ఆ నిలబడ్డమేంటి? వెనక్కి జరుగు!"

బస్సు నిండా జనాన్ని గద్దించిన ఆ మాట డ్రైవరు మీద పడడం అదే మొదలు. మావయ్య బుద్ధిగా ఒక అడుగు వెనక్కి వేశారు. కండక్టరు ఒక అడుగు ముందుకేశాడు.

"ఇంకా జరుగు. వెనకాల బోలెడు ఖాళీ ఉంది."

ఒకరు వెనక్కి, ఒకరు ముందుకి, కమ్మీల పొడవునా అలాగే వచ్చారు. మావయ్య వీపు తలుపుకి తగిలింది.

"ఇంక ఖాళీ లేదురా" అన్నారు.

"అయితే తలుపు తియ్యి" అన్నాడు కండక్టరు.