సంతోషమ్మ కుండకు కట్టిన చీర

మా వీధిలో సంతోషమ్మ ఇంటికి వెళ్తే నీళ్ళు తాగకుండా బయటపడలేం. కాఫీ ఇస్తుందో లేదో గానీ, నీళ్ళు మాత్రం అడక్కుండానే చేతిలో పెడుతుంది. పెట్టి, మనం గుటక వేసేదాకా మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. బాగున్నాయనాలి. అనకపోతే ఇంకో చెంబు.

ఆమె గొప్పంతా కుండ మూతికి కట్టిన నీలం గుడ్డలో ఉంది. పైనుంచి కొట్టుకొచ్చిన కవర్లూ సీసాలూ స్వర్ణముఖిలో పేరుకుంటున్నాయనీ, ఆ ఏటి బోరు నీళ్ళే మా కొళాయికి వస్తున్నాయనీ తెలిసినప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. కొడుకు దయానంద్ మొదటి జీతంతో కొనిచ్చిన చీరను, పండగకు తప్ప కట్టని చీరను, కత్తెర పట్టి కోసేసింది. "ఎంత సన్నంగా ఉండాదో సూడక్కా, నలుసు కూడా దూరదు" అని నాకు పట్టి చూపించింది. భర్త సుందరరాజు భుజం మీది పాత నూలు తువ్వాలు మాత్రం కుండ దరిదాపులకు రాకూడదు. "ఆ మసిగుడ్డతో ఆడ్నే నిలబడు" అని గుమ్మంలోనే ఆపేసేది. పాపం, ఆయన కొళాయి కింద దోసిలి పట్టి తాగిపోయేవాడు.

ఇంత చేసినా కోడలు కృపామణి ఆ నీళ్ళు ముట్టదు. దయానంద్‌కూ ఆమెకూ శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు, అటువైపే కాపురం. ఆదివారం వస్తే కూతురు అమల కోసం క్యాన్ నీళ్ళు వెంట తెచ్చుకుంటుంది. డ్యూటీ వేళ పిల్లను చూసేవాళ్ళు లేక అల్లాడుతూ కూడా అత్త దగ్గర వదలదు. సంతోషమ్మకు ఉన్న కోరిక అదొక్కటే, మనవరాలు తన దగ్గర పెరగాలని.

"పరీక్ష చేయిద్దాం అత్తా. మీ నీళ్ళు బాగుండాయంటే అమలను ఈడే వదిలిపెడతా" అని చివరికి కృపామణి మాటిచ్చింది. నీళ్ళల్లో ప్లాస్టిక్ నలుసులు వెతికే ప్రసన్నకుమారి అనే అమ్మాయి, తిరుపతిలో చదువుకుంటోంది, అప్పటికే మా వీధిలో తిరుగుతోంది. కొళాయి నీళ్ళు, క్యాన్ నీళ్ళు, కుండ నీళ్ళు విడివిడిగా గాజు సీసాల్లో పట్టుకెళ్ళింది. ఫలితం వచ్చేదాకా సంతోషమ్మ పిల్ల మంచం ఏ మూల వేయాలా అని ఇల్లంతా సర్దుతూనే ఉంది.

ఆ అమ్మాయి ఫలితం చెప్పడానికి వచ్చిన ఆదివారం కొడుకూ కోడలూ ఉన్నారు. నేనూ ఉన్నాను. ఉండకుండా ఎలా ఉంటాను!

"అన్నిటికంటే ఎక్కువ కుండ నీళ్ళల్లోనే ఉన్నాయమ్మా" అంది ప్రసన్నకుమారి నేల చూపులు చూస్తూ. "నీలం పోగులు. ఈ గుడ్డవే. ఇది పాలిస్టర్, అంటే ప్లాస్టిక్కే."

సంతోషమ్మ కుండ పక్కనే కూలబడింది. "నా బిడ్డ కొనిచ్చిన సీరను కోసి అందరికీ పోసినానే! వద్దులే కృపా, పిల్లను నువ్వే తీసకపో" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అంతవరకు తాగిన చెంబులన్నీ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది గానీ, ఆ ఏడుపు చూశాక కోపం దిగిపోయింది.

కృపామణి గెలిచిన మొహంతో "మా క్యాన్ నీళ్ళో?" అంది.

"కుండ తర్వాత అదే. కొళాయిలో తక్కువ. నలుసులు అసలు లేని నీళ్ళు మాత్రం దొరకలేదు. కొళాయికి నూలు గుడ్డ కట్టండి. అన్నీ ఆగవు గానీ, గుడ్డ నుంచి కొత్తగా ప్లాస్టిక్ కలవదు."

నూలు గుడ్డ కోసం ఇల్లంతా వెతికారు. చీరలు, దుప్పట్లు, కర్టెన్లు, ఆఖరికి దిండు గలీబులు కూడా పాలిస్టరే. అందరి చూపులూ సుందరరాజు భుజం మీదికి వెళ్ళాయి.

"ఇట్లియ్యి" అంది సంతోషమ్మ ముక్కు చీదుకుంటూ.

"మసిగుడ్డ కదా, నీకెందుకులే" అని ఆయన బెట్టు చేశాడు. ఆమె గుంజుకుంది. ఉడకబెట్టి, ఆరేసి, సాయంత్రానికి కొళాయికి కట్టింది. మొదటి గ్లాసు అమలకిచ్చింది. పిల్ల తాగి, మూతి తుడుచుకుని, "తాత వాసన వస్తాండాదవ్వా" అంది. ఏమైతేనేం, గ్లాసు ఖాళీ చేసింది. కృపామణి పిల్ల బట్టల సంచి తెచ్చి అత్త చేతికిచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. బయల్దేరే ముందు కృపామణి తను తెచ్చిన క్యాన్‌ను మొక్కలకు ఒంపేసింది. దాన్నే తువ్వాలు కట్టిన కొళాయి కింద పెట్టి, నిండా పట్టుకుని, మొగుడి వెనక బండెక్కింది.

"సూసినావా అక్కా, నా నీళ్ళే తీసకపోతాండాది!" అంది సంతోషమ్మ, మనవరాలిని చంకన వేసుకుని. ఆ క్యాన్ దేనితో చేశారో నా నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.